మణికట్టు మెలిక

కత్తెర ఎందుకు కోస్తుందని ఎవర్నయినా అడిగి చూడండి. పదునుంది కాబట్టి అంటారు. అడిగినందుకు మిమ్మల్ని ఓసారి ఎగాదిగా చూస్తారు కూడా. ఆ చూపు పుట్టకు చిన్నప్పుడే అలవాటైపోయింది.

ఆ అమ్మాయి అసలు పేరు బడి రిజిస్టరులో రాసి ఉంది, అక్కడే ఉండిపోయింది. మూడో తరగతిలో టీచరమ్మ విసిగిపోయి, అమ్మను పిలిపించి, "ఇది పిల్ల కాదు తల్లీ, ప్రశ్నల పుట్ట" అంది. బడి నుంచి ఇంటికొచ్చే దారిలో ప్రశ్నలు ఎక్కడో జారిపోయి పుట్ట ఒక్కటే ఇల్లు చేరింది. అమ్మ అలాగే పిలిచింది, మామయ్య అలాగే పిలిచాడు. ఇరవై రెండేళ్లొచ్చాక పనిచేసే చోట సూపర్‌వైజరు కూడా "పుట్టా, మాటలాపి చెయ్యి ఆడించు" అని అరిచేవాడు.

ఆ పనిచేసే చోటు పొడుగాటి రేకుల షెడ్డు. రెండు వరసల కుట్టుమిషన్లు, చివర ఇస్త్రీ బల్లలు. అమ్మది కాజాల మిషను. పుట్టది దారాల పని. కుట్టు పూర్తయిన చొక్కాకు అక్కడక్కడా వేలాడే దారపు కొసల్ని చిన్న కత్తెరతో ఒక్కొక్కటీ తీసెయ్యాలి. చదువు మధ్యలో ఆపేసినవాళ్లకు లోకం చూపించే కొలువుల్లో అది మరీ చెడ్డదేం కాదు. కూర్చోడానికి స్టూలుంటుంది. ఆలోచించడానికి బుర్రంతా ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీయే ఆమె కొంప ముంచింది.

పదిహేను రోజులకోసారి సాన పట్టేవాడు సైకిలు మీద వచ్చేవాడు. సైకిలు స్టాండేసి తొక్కితే ముందున్న రాయి గిర్రున తిరిగేది. కత్తెర ఆనించగానే నిప్పురవ్వలు రాలేవి. రవ్వలు ఎంత ఎక్కువ రాలితే అంత పదునని షెడ్డంతటికీ నమ్మకం. సాన పట్టిన రోజు కత్తెర బాగానే ఉండేది. మూడో రోజుకు దారాన్ని కోయడం మానేసి నమలడం మొదలుపెట్టేది.

"సార్, సాన పడితే కత్తెర బాగవ్వాలి కదా, పాడవుతోందేంటి?" అని అడిగింది.

"నీ పని దారాలు తియ్యడం. కత్తెర జాతకం చూడ్డం కాదు" అన్నాడు సూపర్‌వైజరు.

ఆ సాయంత్రమే పాడైన కత్తెరను ఇంటికి తీసుకెళ్లి మర విప్పింది. తుడిచి, రెండు బ్లేడ్లనూ మళ్లీ కలిపి కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుంది. ఏమీ కనిపించలేదు. రెండూ అట్టల్లా అతుక్కుని ఉన్నాయి. అమ్మ దాచుకున్న కొత్త కత్తెర తీసి అలాగే పట్టుకుంది. ఇందులో రెండు బ్లేడ్ల మధ్య నుంచి సన్నటి వెలుగు గీత! ఏది పాడైంది, ఏది బాగున్నది? పిడి మెల్లగా నొక్కుతూ చూసింది. మంచి కత్తెరలో బ్లేడ్లు ఎప్పుడూ పూర్తిగా కలవవు. ఒక్క చోట మాత్రమే తాకుతాయి. నొక్కే కొద్దీ ఆ తాకే చోటు మొదలు నుంచి కొసదాకా నడిచిపోతుంది. కోసేదల్లా ఆ నడిచే చుక్కే. సైకిలాయన బ్లేడు లోపలివైపు కూడా రాయికి ఆనించి చదును చేసేస్తున్నాడు. వెలుగు దూరే సందు పోయింది, కత్తెర పోయింది.

పుట్టకు ఆ రాత్రి అన్నం సయించలేదు. సంతోషం వల్ల.

తర్వాత ఆరు నెలలు సాన పట్టడం నేర్చుకుంటూ, అమ్మ కొత్త కత్తెరతో కలిపి నాలుగింటి ప్రాణాలు తీసింది. పాత మోటార్లకు రాగితీగ చుట్టే మామయ్య దగ్గరికెళ్లి, "మామయ్యా, నాకో మోటారు కావాలి" అంది.

"ఎందుకే కోడలా?"

"కత్తెరలకి సాన పట్టే కొట్టు పెడతా."

"కత్తెరలకి సాన పట్టి మేడలు కట్టినవాళ్లని ఒక్కళ్లని చూపించు."

"ఒక్కళ్లూ లేరు మామయ్యా. అందుకే కదా ఆ చోటు ఖాళీగా ఉంది."

జవాబు లేనప్పుడు వస్తువు ఇచ్చేయడం మామయ్య పద్ధతి. బట్టలుతికే మిషనులోంచి ఊడదీసిన మోటారు ఒకటి ఇచ్చాడు. దాని వేగానికి వేడెక్కి బ్లేడు అంచు నీలం రంగు తిరిగింది. నీలం తిరిగిన ఉక్కు చచ్చినట్టే. ఎంత నూరినా పదును నిలవదు. పుట్ట మోటారు వెనక్కిచ్చేసి, తుక్కు కొట్లో దొరికిన పాత కుట్టుమిషను స్టాండు తెచ్చుకుని, దాని చక్రానికి బెల్టు తగిలించి, రాయిని కాలితో తొక్కి తిప్పుకుంది. రవ్వలు రాలవు. చెయ్యి పెట్టి చూస్తే ఉక్కు గోరువెచ్చగా ఉంటుంది, అంతే.

"కరెంటు మోటారిస్తే కాలితో తొక్కుతుందట! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి" అని మామయ్య నెల రోజులు దెప్పాడు.

యువతకు వ్యాపారం నేర్పిస్తామంటే మూడు రోజుల శిక్షణకు కూడా వెళ్లింది. కోటు వేసుకున్నాయన పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కలలు కనమన్నాడు, రిస్కు తీసుకోమన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మూడో రోజు పుట్ట లేచి, "సార్, మీరు ఏం వ్యాపారం చేస్తారు?" అని అడిగింది.

"వ్యాపారం ఎలా చెయ్యాలో చెప్పడమే నా వ్యాపారమమ్మా."

"మరి అది ఎలా చెయ్యాలో మీకెవరు చెప్పారు సార్?"

వెనక బెంచీలు నవ్వాయి. ఆమెకు సర్టిఫికెట్టు అందరి తర్వాత ఇచ్చారు.

ఇంట్లో అసలు యుద్ధం అమ్మతో జరిగింది. అమ్మ అరవలేదు. కాజాలు కుట్టే మనిషి కదా, కొలిచి మాట్లాడుతుంది. "మూడు నెలలు. నీ స్టూలు ఖాళీగా ఉంచమని సూపర్‌వైజర్ని బతిమాలుకున్నా. మూడు నెలల్లో నీ కొట్టు నడిచిందా, సరే. లేదంటే నోరెత్తకుండా వచ్చి దారాలు తియ్యాలి. మళ్లీ ఎందుకు అని అడగకూడదు."

ఆ ఆఖరి మాటే పుట్టను భయపెట్టింది. దారాలు తీయడం కాదు, ఎందుకు అని అడగకుండా దారాలు తీయడం.

దర్జీల సందులో మూడంతస్తుల మేడ ఉంది. దాని మెట్ల కింద మారుతాళాలు చేసే ముసలాయన కూర్చుంటాడు. అందరికీ ఆయన తాళాల తాత. పుట్ట వెళ్లి అడిగితే తన చోటులో సగం ఇచ్చేశాడు.

"తీసుకో మనవరాలా. నాక్కూడా పలకరించడానికి ఓ మనిషుండాలి. తాళాలతో ఎంతసేపని మాట్లాడతాను, అన్నీ నోరు మూసుకునే ఉంటాయి."

సందులో ఇరవై పైచిలుకు దర్జీ దుకాణాలు. అందుకే పుట్ట ఆ చోటు ఎంచుకుంది. తన లెక్క ప్రకారం మొదటి రోజే వరస కట్టాలి. మొదటి నెలలో సందు నుంచి వచ్చినవి నాలుగు కత్తెరలు. అవీ దొంగచాటుగా, ఇంటి ఆడవాళ్ల చేతి సంచుల్లో వచ్చాయి.

"ఎందుకు తాతా?"

"పెద్ద మాస్టరు ఇవ్వలేదు కాబట్టి."

పెద్ద మాస్టరంటే సందు మొదట్లో కోట్లు కుట్టే దుకాణం ఆయన. సన్నగా పొడుగ్గా, చెవి మీద సుద్దముక్కతో ఉంటాడు. సందులో కత్తెర పట్టిన ప్రతివాడూ ఆయన శిష్యుడో, శిష్యుడి శిష్యుడో. ఆయన మాట అక్కడ చట్టం. కాస్త తేడా ఏమిటంటే చట్టాన్ని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ధిక్కరిస్తారు. ఆయన తన కత్తెరను సైకిలాయనకు సైతం ఎన్నడూ ఇవ్వలేదు. నూనెరాయి మీద తానే నూరుకుంటాడు. ఆయన ఏమనలేదు గానీ, ఆయన ఇవ్వని చోట ఇస్తే బాగోదని సందంతా దానంతటదే అనుకుంది.

"ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. నీ కొమ్ములు ఎంత వాడో ముందు బయటివాళ్ల మీద చూపించమ్మా" అని ఎదురు దుకాణం జాకెట్ల దర్జీ పళ్లికిలించాడు.

బయటివాళ్లు వచ్చారు. మంగలి షాపతను, పూలు అమ్మే ఆవిడ, అట్టపెట్టెలు చేసేవాళ్లు. ఏ కత్తెర వచ్చినా మర విప్పే ముందు కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసుకోవడం, అరిగిన చోట చుక్క పెట్టుకోవడం పుట్ట అలవాటు. ఎవరికోసమూ కాదు, చూడాలని. చూడగా చూడగా కత్తెరలు కబుర్లు చెప్పడం మొదలుపెట్టాయి. పూలావిడ కత్తెర మొదట్లోనే అరుగుతుంది. కాడల్ని లోపలికంటా పెట్టి కొరుకుతుంది కాబట్టి. మంగలి కత్తెర కొసన అరుగుతుంది.

రెండో నెల చివరికి సందు కత్తెరలు పదకొండయ్యాయి. పదకొండు బొమ్మలూ నేల మీద పరిచి ఒకటికి రెండుసార్లు చూసుకుంది. చొక్కాల దర్జీ, జాకెట్ల దర్జీ, పరదాలు కుట్టేవాడు. అందరి చేతులూ వేరు, పనులు వేరు. కానీ పదకొండింటిలోనూ కింది బ్లేడు మీద, కొసకు రెండు వేళ్ల ఇవతల, ఒకే చోట చిన్న గుంట. బయటి కత్తెర ఒక్కదానికీ అది లేదు.

"తాతా, వీళ్లందరూ ఒకే రాయి తిన్నారా ఏంటి?"

"ఒకే గురువు చేతి దెబ్బలు తిన్నారు, అంతే నాకు తెలిసింది."

పుట్ట లేచి దుకాణాల ముందు ఊరికే తిరిగొచ్చింది. అంతా రెండు నెలలుగా చూస్తున్నదే. ఆ సందు దర్జీలు గుడ్డ కోసేటప్పుడు ప్రతి కోత చివరా మణికట్టును లోపలికి ఓ చిన్న మెలిక తిప్పుతారు. ఆ మెలిక పెద్ద మాస్టరు ఇచ్చిన విద్య. అది రాని దర్జీని సందులో దర్జీగా లెక్క వేయరు. మెలిక తిప్పినప్పుడల్లా బ్లేడు బ్లేడును ఒకే చోట ఒత్తుకుంటోంది. గుంట అక్కడ పడుతోంది. సరే, గుంట ఎందుకో తెలిసింది. మరి మెలిక ఎందుకు?

జాకెట్ల దర్జీని అడిగితే, "అది విద్యమ్మా. విద్యకి ఎందుకు ఉండదు" అన్నాడు.

గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా పెద్ద మాస్టరు మెట్ల కిందికి వచ్చాడు. తాళాల తాత తాళంచెవి పడేసుకున్నాడు.

మాస్టరు గుడ్డలో చుట్టిన కత్తెర బల్ల మీద పెట్టి విప్పాడు. మోచెయ్యంత పొడుగు, నల్లబడిన పిడి. "మా గురువుగారిచ్చింది. నలభై ఏళ్లుగా నేనే నూరుకుంటున్నా. ఇప్పుడు కళ్లానడం లేదు, అంచు కనపడటం లేదు. నువ్వు రవ్వలు రాలకుండా సాన పడతావటగా?"

"అవును మాస్టారూ. ఒక్క మాట అడగొచ్చా..."

"ప్రశ్నలు గిశ్నలు వద్దమ్మాయ్. సాన పట్టు, చాలు. రేపు పొద్దున కోటు గుడ్డ కొయ్యాలి."

పుట్ట నోరు మూసుకుంది. పుట్టిన తర్వాత బహుశా మొదటిసారి. ఎదురుగా ఉన్నది పెద్ద మాస్టరు. ఈ ఒక్క కత్తెర బాగుపడితే సందంతా వస్తుంది. ఈ ఒక్క కత్తెర తేడా కొడితే షెడ్డులో స్టూలు ఎదురు చూస్తోంది. అలాంటప్పుడు ఎవరైనా ప్రశ్నలడుగుతారా?

ఆయన వెళ్లాక కాగితం మీద పెట్టి గీసింది. అడగాల్సినవి రెండు కనిపించాయి. ఒకటి, ఈ కత్తెరకు గుంట లేదు. సందుకంతటికీ మెలిక నేర్పిన చెయ్యి, నలభై ఏళ్లు అదే మెలిక తిప్పిన చెయ్యి. గుంట ఏమైంది? రెండు, బొటనవేలు దూర్చే రింగు లోపల ఒక పక్క కొంచెం అరిగి ఉంది, అది మామూలే. దాని ఎదురు పక్క ఇంకా లోతుగా అరిగి ఉంది. వేలు ఆనుకోని చోటది. వెలుగుకు పట్టి చూస్తే బ్లేడ్ల మధ్య వెలుగు గీత నిటారుగా లేదు, ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎప్పుడో కింద పడి వంగి ఉంటుందనుకుంది. చెక్కదిమ్మ మీద పెట్టి, చిన్న సుత్తితో, గుండె చిక్కబట్టుకుని, నూలుపోగు నూలుపోగుగా ఆ వంపు తీసేసింది. తర్వాత సాన పట్టింది. తడిపిన పలచటి కాగితం గాల్లో పట్టుకుని కోస్తే చప్పుడు కాకుండా రెండయింది. తన చేతుల్లోంచి అంత మంచి పని అంతకుముందు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టరు మళ్లీ వచ్చాడు. దుకాణం వెనక గుమ్మంలోంచి, ఎవరూ చూడకుండా. ఒక చేతిలో కత్తెర. ఇంకో చేతిలో బూడిదరంగు కోటు గుడ్డ, ముందుభాగం ముక్క. సుద్దగీత ఒక దారిన పోతోంది, కోత ఇంకో దారిన పోయింది.

పుట్ట లేచి నిలబడింది. తిట్లకు సిద్ధపడింది.

మాస్టరు స్టూలు మీద కూర్చున్నాడు. "కత్తెర బాగుందమ్మాయ్. వెన్నలో దిగినట్టు దిగుతోంది. నీ తప్పేం లేదు. చెయ్యి పోయింది నాకు." కుడిచెయ్యి ఎత్తి, ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు. "ముందు కళ్లు పోయాయి, ఇప్పుడు చెయ్యి పోయింది. నాలుగుసార్లు కోశాను, నాలుగూ వంకరే. రేపట్నుంచి కటింగ్ మా పెద్దాడికి అప్పగించేస్తా. నువ్వు మాత్రం పెద్ద మాస్టరు కత్తెరకి సాన పట్టినదాన్నని ధైర్యంగా చెప్పుకో. అందరితో నేనూ చెప్తాను."

తాళాల తాత పుట్ట వైపు చూశాడు. ఆ చూపు తెలుగులోనే ఉంది: నోరు మూసుకో మనవరాలా, అదృష్టం తనంతట తానే వచ్చి స్టూలెక్కింది.

నిజమే, ఇంకేం కావాలి? ఊఁ అంటే చాలు. రేపట్నుంచి సందంతా వరస కడుతుంది. అమ్మ ఇంక మాట్లాడదు. ముసలివాళ్లకు చేతులు పోవడం ఎక్కడైనా ఉన్నదే. పుట్ట అప్పుడు నోరు తెరిచింది నిజాయితీ వల్లనుకుంటే పొరపాటు. నిజాయితీ మాట తర్వాత. నాలుగూ వంకరేనా, నాలుగూ ఒకే వంకరా అన్నది తెలియకపోతే ఆమెకు ఊపిరాడదు.

"మాస్టారూ, ఇప్పుడైనా అడగొచ్చా?"

"అడుగు. ఇంకేముంది అడగడానికి."

పాత వార్తాపత్రికలు తెచ్చి వాటి మీద స్కేలుతో గీతలు గీసింది. "వీటి మీద కొయ్యండి. గుడ్డనుకుని కొయ్యండి."

"పిల్లలాటా ఇది?" అన్నాడు గానీ కోశాడు. ఒకటి, రెండు, పది, ఇరవై. పుట్ట గొంతుక్కూర్చుని ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చింది. కట్టంతా సమంగా ఉంది. అన్నీ గీత తప్పాయి. అన్నీ ఒకే చోట, ఒకే వైపు, ఒకే అంత తప్పాయి.

"చెయ్యి పోలేదు మాస్టారూ."

"ఊరడించకు."

"వణికే చెయ్యి ఒక్కోసారి ఒక్కోలా తప్పుతుంది. మీది ఇరవైసార్లూ ఒకేలా తప్పింది. ఇది చెయ్యి పోవడం కాదు. చేతికి బాగా గుర్తుండిపోవడం." కాగితాల కట్ట కింద పెట్టి చెప్పేసింది. "తప్పు నాదే. మీ కత్తెరలో ఓ చిన్న వంపుండేది. పాడైందనుకుని తీసేశాను. ఆ వంపు గుడ్డని ఓ పక్కకి లాగేది, మీ మెలిక దాన్ని ఇవతలకి లాగేది. అందుకే సందులో అందరి కత్తెరలకీ పడే గుంట మీదానికి పడలేదు. ఇప్పుడు వంపు లేదు, మెలిక ఉంది."

మాస్టరు పై కాగితం తీసి వెలుగుకు పట్టి చూశాడు. ఎదురు దుకాణంలో మిషను ఆగింది. జాకెట్ల దర్జీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పెద్ద మాస్టరు మెట్ల కింద కూర్చుని కాగితాలు కోస్తున్నాడన్న కబురు అప్పటికే నాలుగు గుమ్మాలు దాటిపోయింది.

"వంపెక్కడిది? ఈ కత్తెర నా చేతిలోంచి ఎప్పుడూ జారలేదు" అన్నాడు చివరికి.

పుట్ట రింగు ఆయన ముందు తిప్పి పట్టుకుంది. "ఇదిగో, ఈ పక్క అరుగుదల మీ వేలిది. మరి దీని ఎదురు పక్కది ఎవరిది? మీ గురువుగారిది ఎడంచేతి వాటమా మాస్టారూ?"

మాస్టరు చెవి మీది సుద్దముక్క తీసి చేతిలో పట్టుకుని గొంతు తగ్గించాడు. "ఎడంచెయ్యే. ఎవరికీ తెలియనిచ్చేవాడు కాదు, నవ్వుతారని. తలుపేసుకుని కోసేవాడు."

"కుడిచేతి కత్తెర ఎడంచేత్తో పట్టుకుంటే బ్లేడ్లు విడిపోతాయి, కొయ్యవు. అందుకని ఆయనే కొంచెం వంచుకుని ఉంటారు."

"అయితే ఆ మెలిక..."

మిగతాది పుట్ట చెప్పనక్కర్లేకపోయింది. గురువు చేతి కోసం కత్తెర వంగింది. కత్తెర వంపు కోసం శిష్యుడి చెయ్యి మెలిక తిరిగింది. ఆ మెలికను విద్య అనుకుని శిష్యులంతా వంపు లేని కత్తెరలతో తిప్పారు, కోత గీత తప్పకుండా బ్లేడును బ్లేడుకు ఒత్తిపట్టి గుంటలు చేసుకున్నారు, వాళ్ల శిష్యులూ అంతే. నలభై ఏళ్లుగా ఒక సందు మొత్తం, ఎప్పుడో పోయిన మనిషి దాచుకున్న ఎడమచేతికి సర్దుకుంటూ గుడ్డ కోస్తోంది. ఎందుకు అని ఒక్కరూ అడగలేదు.

మాస్టరుకు కోపం వస్తుందనుకుంది. ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని గ్రహించడానికి కొంత సేపు పట్టింది. "ఈ మెలిక కుదరలేదని నా పెద్దకొడుకుని స్కేలుతో కొట్టానమ్మాయ్" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. ఆ తడి నవ్వుదో కాదో పుట్ట అడగలేదు. కొన్ని ప్రశ్నలు ఆమెకు సైతం నోట్లోనే ఆగిపోతాయి.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"ఆ వంపు మళ్లీ పెట్టగలవా?"

"విప్పే ముందు గీసిన బొమ్మ ఉంది. కానీ తప్పు తియ్యడం తేలిక, తప్పుని సరిగ్గా పెట్టడం కష్టం. మీరు పక్కనుండాలి. నేను కొంచెం వంచడం, మీరు కోసి చూడటం."

"పెట్టు. నాకు అరవై దాటాయి. ఈ చెయ్యి ఇంక మారదు, కత్తెరే మారాలి."

సాయంత్రం దీపాలు పెట్టే దాకా ఆయన ఆ స్టూలు మీదే ఉన్నాడు. పుట్ట దిమ్మ మీద సుత్తితో టక్కుమనిపించడం, ఆయన కాగితం కోయడం, ఇద్దరూ వంగి గీతను చూడటం. సందంతా ఏదో పని పెట్టుకుని అటూ ఇటూ నడిచింది. ఒకరిద్దరు తాళాలు బాగున్నా మారుతాళంచెవులు చేయించుకున్నారు. "రోజూ పిలువు మనవరాలా ఈయన్ని" అన్నాడు తాత. ఎన్నో కాగితానికో కోత గీత మీదే నడిచింది. మాస్టరు మణికట్టు మెలిక తిప్పి, ఆగి, ఇంకోటి కోసి, కత్తెరను గుడ్డలో చుట్టుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మాల్లో నిలబడ్డ వాళ్లకు వినపడేలా అన్నాడు: "ఈ అమ్మాయికి కత్తెర పంపకండిరా. పట్టుకెళ్లి దగ్గర కూర్చోండి. చెయ్యి చూడకుండా సాన పట్టదు."

అది పుట్ట కొట్టు నియమమని పుట్టకు అప్పుడే తెలిసింది. మర్నాడే అట్టముక్క మీద రాసి వేలాడదీసింది: కత్తెరతో పాటు చెయ్యి కూడా తీసుకురావలెను. జాకెట్ల దర్జీ అది చదివి, "కాళ్లు ఇంట్లో వదిలేసి రావచ్చా?" అన్నాడు. అయినా వచ్చాడు, స్టూలెక్కాడు, కాగితాలు కోశాడు. అతని వెనక చొక్కాల దర్జీ, అతని వెనక పరదాల ఆయన.

మెలిక సంగతి మాస్టరు సందులో చెప్పలేదు. పుట్టా చెప్పలేదు. కాగితాలు కోస్తున్న ప్రతివాణ్ణీ మాత్రం, "ఆ మెలిక ఎందుకండీ?" అని అడిగింది. ఎదురు ప్రశ్న వేస్తే చెప్పేద్దామని. "అది విద్య" అనే అందరూ అన్నారు. వాళ్ల గుంటలు సరిచేసి పంపించింది.

"చెప్పకే. ఆ గుంటలే నీ బువ్వ. వాళ్ల విద్య నీకు పని కల్పిస్తుంటే నీకేం నొప్పి?" అన్నాడు తాళాల తాత. ఆయన మాటలో న్యాయముంది. అందుకే అది పుట్టకు రుచించలేదు.

మూడు నెలలు నిండిన రోజున అమ్మ మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని వచ్చింది. సూపర్‌వైజరుకు ఏం చెప్పాలో తేల్చుకోడానికి. మెట్ల కింద నిలబడి అట్టముక్క చదివింది. కూర్చుందామని చూస్తే స్టూలు ఖాళీ లేదు. పెద్ద మాస్టరు చిన్న కోడలు కూర్చుని ఉంది. మామగారి దగ్గర కటింగ్ నేర్చుకోవడం ఆ వారమే మొదలుపెట్టిందట. చేతిలో కొత్త కత్తెర.

"మామయ్యగారు దీన్ని మీకిమ్మన్నారక్కా. నిటారుగానే ఉంచమన్నారు" అంది. పుట్ట కాగితాలు ఇచ్చింది. ఆ అమ్మాయి రెండు కోసి ఆగిపోయింది. చుట్టూ దుకాణాల వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, ఇక్కడందరూ చివర్లో చెయ్యి ఇలా తిప్పుతారు కదా. ఎందుకు?"

పుట్ట చేతిలో ఉన్న పని పక్కన పెట్టేసింది. పెన్సిలు తీసుకుంది. తెల్లకాగితం ఒకటి తీసి ఆ అమ్మాయి ఒళ్లో పరిచింది.

అమ్మ డబ్బా ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూలబడింది.

"సరిపోయింది. ఇది ఇంకో పుట్ట" అని, తాళాల తాతతో, "షెడ్డులో దీని స్టూలు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంటాను గానీ, ఈ చోటు మీకెలాగూ చాలడం లేదు, ఇంకో స్టూలు ఎక్కడ వేస్తారు?" అంది.